మనాది కాదు... ఉప్పు తగ్గింది!

చెట్టు మీంచి పడ్డ మనిషి బతికాడు. ఆపరేషన్ కూడా అయింది. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్న వారానికి మాట తడబడుతుంది. పిలిస్తే పలకడు. కాళ్లు పోయాయని మనాది పెట్టుకున్నాడు పాపం అనుకుంటారు ఇంట్లోవాళ్లు. మనాది ఉంటుంది, నిజమే. కానీ ఒక్కోసారి ఆ మగతకు కారణం మనసులో కాదు, నెత్తురులో ఉంటుంది. దాని పేరు సోడియం. మన భాషలో చెప్పాలంటే... ఉప్పు!

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పొద్దు పొడవకముందే మోకు భుజాన వేసుకుని బయల్దేరే మనిషి ఒకడుంటాడు. గౌడన్న. నడుముకు మోకు బిగించి, కత్తి, లొట్టి కట్టుకుని యాభై అరవై అడుగుల తాటిచెట్టును మెట్లెక్కినంత సులువుగా ఎక్కేస్తాడు. అలా రోజుకు ఒక చెట్టు కాదు, ఒకసారి కాదు. కాటమయ్యకు దండం పెట్టుకుని ఎక్కిన మనిషి మళ్లీ నేల మీద కాలు పెట్టేదాకా ఇంట్లో ఇల్లాలి ప్రాణం చెట్టు మీదే ఉంటుంది. వాన పడి మొద్దు నానితే జారుతుంది. పాతబడిన మోకు తెగుతుంది. అంత ఎత్తు నుంచి పడితే అక్కడికక్కడే పోవడం ఒకటి. బతికితే వెన్నుపూస విరగడం ఇంకొకటి.

గీత కార్మికులే కాదు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబావుల్లో పైకప్పు కూలి నడుములు విరిగినవాళ్లున్నారు. రాజీవ్ రహదారి మీద బైకు ఢీకొని మెడ విరిగిన కుర్రాళ్లున్నారు. పత్తి లోడు మీద కూర్చుని ట్రాక్టరు బోల్తాపడి మంచం పట్టినవాళ్లూ ఉన్నారు. పడిన తీరు వేరైనా తర్వాతి కథ ఒక్కటే.

వెన్నుపాము దెబ్బతింటే కాళ్లు పడిపోతాయని అందరికీ తెలుసు. మెడ దగ్గరైతే చేతులు కూడా. మూత్రం, మలం మీద పట్టు పోతుందన్నది ఆస్పత్రిలో చేరాక తెలుస్తుంది. అంతకన్నా లోతుగా జరిగేది మాత్రం చాలామందికి తెలియదు. రక్తపోటును నిలబెట్టే నరాలు, చెమట పట్టించే నరాలు, ఒంట్లో నీళ్లెన్ని ఉన్నాయో మెదడుకు కబురు చేర్చే ఏర్పాటు... ఇవన్నీ కొంతవరకూ ఆ వెన్నుపాము మీదే ఆధారపడి ఉంటాయి. తీగ తెగితే బల్బు ఒక్కటే ఆరిపోదు కదా, మోటారు కూడా ఆగిపోతుంది!

ముగ్గురు అనుమానితులు

ఇక్కడ చెప్పేది ఏ ఒక్కరి కథో కాదు. ఇలాంటి దెబ్బ తగిలిన ఏ ఇంట్లోనైనా జరగగలిగేది. ఆస్పత్రిలో పదిరోజులు దాటాయి. అతడికి అన్నం సయించడం లేదు. వికారం. తలనొప్పి అంటున్నాడు. నిన్నటిదాకా పిల్లల చదువు గురించి అడిగినవాడు ఈరోజు గోడవైపు చూస్తున్నాడు. సాయంత్రానికి, చచ్చిపోయిన తండ్రి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడంటాడు.

తల్లి గుండె గుభేలుమంటుంది. ‘‘నా కొడుక్కు గాలి సోకింది. పడ్డకాడ దిష్టి తియ్యలేదు గద’’ అంటుంది. మేనమామ ఇంకో మాట అంటాడు. ‘‘గాలి లేదు, ఏం లేదక్కా. దినాం కల్లు తాగే పానం. పది దినాల సంది చుక్క లేకపాయె. దాని ఎఫెక్టే’’. భార్య ఏమీ అనదు. ‘‘మనాది పెట్టుకున్నడు’’ అని కొంగుతో కళ్లొత్తుకుంటుంది.

ముగ్గురి మాటల్లోనూ ఎంతోకొంత లోకజ్ఞానం ఉంది. దెబ్బ తర్వాత దిగులు కమ్మడం సహజం. దానికి చికిత్స కూడా అవసరమే. కల్లు సంగతీ కొట్టిపారేసేది కాదు. మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే వింతగా ప్రవర్తిస్తారు, వణుకుతారు, మూర్ఛపోతారు. 2015లో కల్తీ కల్లుకు అడ్డుకట్ట వేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలామంది ఇలాగే ఆస్పత్రుల పాలయ్యారు. అందుకే, తాగే అలవాటుంటే ఆ సంగతి మొదటిరోజే డాక్టరుకు చెప్పాలి. సిగ్గుపడి దాస్తే నష్టపోయేది రోగే.

కానీ ఈ ముగ్గురు అనుమానితుల వెనక నాలుగో దొంగ దాక్కుని ఉండొచ్చు. అతణ్ని పట్టుకోవడానికి మంత్రం అక్కర్లేదు, పెద్ద మిషన్ కూడా అక్కర్లేదు. ఓ సిరంజి రక్తం చాలు. ఎలక్ట్రోలైట్స్ పరీక్షలో సోడియం అంకె చూస్తే గుట్టు బయటపడుతుంది. ఆ అంకె లీటరు రక్తంలో 135 నుంచి 145 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. 135 కన్నా తగ్గితే లోపం కింద లెక్క. 125 కన్నా దిగితే ప్రమాద ఘంట మోగినట్టే. ఇంకా పడిపోతే ఫిట్స్, కోమా... ప్రాణానికే ముప్పు. అంకె ఎంత తగ్గిందన్నదే కాదు, ఎంత వేగంగా తగ్గిందన్నది కూడా ముఖ్యం. మెల్లగా తగ్గితే మెదడు కొంత సర్దుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతే సర్దుకునే వ్యవధి దొరకదు.

ఉప్పు తగ్గిందా, నీళ్లు ఎక్కువయ్యాయా?

‘సోడియం తగ్గింది’ అనగానే మనకు తట్టేది ఒక్కటే. కూరలో ఉప్పు సరిపోలేదు, ఇంకాస్త వేస్తే సరి! అసలు తిరకాసు ఇక్కడే ఉంది. సోడియం అంకె చెప్పేది ఒంట్లో ఉప్పు ఎంతుందని కాదు. నీళ్లకూ ఉప్పుకూ ఉన్న పాళ్లు ఎలా ఉన్నాయని. పప్పుచారులో ఉప్పు సరిగ్గానే పడింది. అనుకోకుండా అతిథులొచ్చారని రెండు చెంబుల నీళ్లు పోశారు. ఏమవుతుంది? ఉప్పు ఎక్కడికీ పోలేదు, కానీ చారు చప్పబడింది. ఈ రోగుల్లో చాలాసార్లు జరిగేది అదే.

ఆ అదనపు నీళ్లను మామూలుగా మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. ఎంత పంపాలో, ఎంత ఆపాలో చెప్పేది మెదడు నుంచి వచ్చే ఓ హార్మోను. పేరు యాంటీ డైయూరెటిక్ హార్మోన్. అది ఎక్కువగా ఉంటే కిడ్నీలు నీటిని బయటికి వదలవు. తగ్గితే వదిలేస్తాయి. కాలువ తూము దగ్గర నీరటికాడు ఉన్నట్టన్నమాట.

మెడ దగ్గరో, ఛాతీ పైభాగంలోనో వెన్నుపాము తెగితే రక్తనాళాలను బిగించి ఉంచే నరాలకు మెదడుతో సంబంధం తెగిపోతుంది. నాళాలు వదులవుతాయి. రక్తపోటు పడిపోతుంది. మంచంలోంచి లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెడితే రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. ‘అయ్యో, ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయి’ అని మెదడు భ్రమపడుతుంది. హార్మోను వదులుతుంది. నీరటికాడు తూము మూసేస్తాడు. నిజానికి చెరువు నిండే ఉంది! లోపల ఉండిపోయిన నీళ్లు రక్తాన్ని పలచన చేస్తాయి. పలచబడిన రక్తంలోంచి నీరు కణాల్లోకి చేరుతుంది. ఒంట్లో ఇంకెక్కడైనా అయితే వాపుకు చోటుంది. మెదడు చుట్టూ ఉన్నది గట్టి పుర్రె. ఆ ఇరుకులోనే వికారం, తలనొప్పి, మగత, తికమక, ఫిట్స్ మొదలవుతాయి.

దెబ్బ తగిలిన మొదటి కొద్దివారాల్లో, అందులోనూ మెడ దగ్గర పూర్తిగా దెబ్బతిన్నవారిలో ఈ ముప్పు ఎక్కువ. న్యుమోనియా వచ్చినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరినా పెరుగుతుంది. కొన్ని మందులూ ఇందుకు తోడవుతాయి. నరాల నొప్పికి వాడే కార్బమజెపిన్, దిగులు తగ్గడానికిచ్చే కొన్ని మాత్రలు, బీపీకిచ్చే థయాజైడ్ రకం నీటి మాత్రలు, రాత్రిపూట మూత్రం తగ్గించే డెస్మోప్రెసిన్... ఇవన్నీ సోడియాన్ని తగ్గించగలవు. అలాగని మాత్రలు సొంతంగా ఆపేయకూడదు. అవి వాడేటప్పుడు రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి, అంతే.

ప్రేమతో పోసిన నీళ్లు

ఈ కథలో విలన్ ఎవరూ లేరు. అందరూ మంచివాళ్లే. అదే విషాదం.

వెన్నుపాము దెబ్బతిన్నవారికి ‘నీళ్లు బాగా తాగించండి’ అని చెబుతారు. అందులో తప్పు లేదు. ఒకప్పుడు ఇలాంటి రోగులు ఎక్కువమంది పుండ్లు పడి, మూత్రంలో ఇన్ఫెక్షన్ సోకి చనిపోయేవారు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో డాక్టర్ లుడ్‌విగ్ గట్‌మన్ వీరికోసం ప్రత్యేక విభాగం మొదలుపెట్టి ఆ రాతను మార్చారు. రోగిని గంటల లెక్కన పక్కకు తిప్పడం, మూత్రాశయాన్ని జాగ్రత్తగా చూసుకోవడం అక్కణ్నుంచే ప్రపంచానికి అలవాటయ్యాయి. మన దగ్గర రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టరు మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడినా, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది ఆమె చొరవతోనే. కాళ్లు పోతే బతుకు పోయినట్టు కాదని చూపించిన మనిషామె.

కిడ్నీలో రాళ్లు చేరకుండా, గొట్టం పూడిపోకుండా నీళ్లు కావాలి. కానీ ‘బాగా’ అంటే ఎంత? ఆస్పత్రి గదిలో ఆ మాటకు కొలత ఉండదు. తల్లి ఓ గ్లాసు. చెల్లె ఓ గ్లాసు. చూడ్డానికొచ్చిన చుట్టాలు కొబ్బరిబోండాలు, పండ్లరసాలు. ఆసిఫాబాద్ నుంచి అంత దూరం వచ్చిన బావమరిది ఊరికే కూర్చోలేక మళ్లీ ఓ గ్లాసు! మంచంలో ఉన్నవాడికి ఏమీ చేయలేకపోతున్నామన్న బాధ, ఆ గ్లాసు పెదాలకు ఆనించినప్పుడే కాస్త తగ్గుతుంది. మనిషి చేయి పట్టుకున్నంత తృప్తి అందులో ఉంది. అందుకే ‘ఇక చాలు’ అని ఆపడం ఎవరికీ మనసొప్పదు.

దానికి తోడు ఎండ. రామగుండంలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. మెడ దగ్గర దెబ్బతిన్నవారికి ఆ కిందిభాగంలో చెమట సరిగా పట్టదు. చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు. జ్వరంలా కాలిపోతుంది. వేడి చేసిందని ఇంకా నీళ్లు తాగిస్తారు. నిజానికి అప్పుడు కావాల్సింది కడుపులోకి మరో చెంబు కాదు. తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, ఫ్యాన్ గాలి, నీడ. చర్మానికి చెమట చేయాల్సిన పనిని తడిగుడ్డ చేస్తుంది.

ఊళ్లోకి వచ్చాక మరో ప్రమాదం ఎదురుచూస్తుంటుంది. నీరసంగా ఉంటే ఆర్‌ఎంపీ దగ్గర ‘గ్లూకోజు బాటిల్’ ఎక్కించడం మనకు ఆనవాయితీ. ‘‘సారూ, ఒక్క బాటిల్ పెట్టు, పానం లేస్తది’’ అని అడిగి మరీ పెట్టించుకుంటారు. ఐదు శాతం గ్లూకోజు సీసాలో ఉప్పు ఉండదు. అందులోని గ్లూకోజును ఒళ్లు వాడేసుకోగానే మిగిలేది ఉత్త నీళ్లే. సోడియం తగ్గి నీరసపడిన మనిషికి అది చప్పబడ్డ చారులో ఇంకో చెంబు నీళ్లు గుమ్మరించినట్టే. కొబ్బరినీళ్లు కూడా ఉప్పుకు బదులు కావు. వాటిలో సోడియం కన్నా పొటాషియమే ఎక్కువ.

తొందరపడితే మోసం

సరే, లోపం బయటపడింది. సెలైన్ ఎక్కించేస్తే అయిపోయినట్టేనా? కాదు. వైద్యులు ముందు ఒక ప్రశ్న వేసుకుంటారు. ఒంట్లో నీళ్లు ఆగిపోవడం వల్ల పలచబడిందా? లేక కిడ్నీలు ఉప్పును మూత్రంలో పారబోస్తున్నాయా? మొదటిదాన్ని 1957లో అమెరికా వైద్యులు విలియం ష్వార్జ్, ఫ్రెడరిక్ బార్టర్ బృందం తొలిసారి వివరించింది. వాళ్లు చూసింది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను. అదే తీరు తర్వాత మెదడు, వెన్నుపాము దెబ్బతిన్నవారిలోనూ కనిపించింది. అప్పుడు తాగే నీళ్లు తగ్గించాలి. రెండోదైతే నీళ్లూ ఉప్పూ రెండూ ఇవ్వాలి. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి విషం. రక్తంతోపాటు మూత్రాన్ని కూడా పరీక్షకు పంపేది ఈ తేడా కనుక్కోవడానికే. మూత్రం ఎందుకమ్మా అని విసుక్కోకూడదు.

ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పుతున్నా మూడు శాతం ఉప్పున్న గాఢమైన సెలైన్‌ను కొద్దికొద్దిగా ఇస్తారు. అదీ ఆస్పత్రిలో, గంటల లెక్కన రక్తం చూసుకుంటూ. ఎందుకంటే రోజుల తరబడి తగ్గి ఉన్న సోడియాన్ని ఒక్కరోజులో పైకి లాగితే మెదడులోని నరాలపై ఉండే పొర ఊడిపోయే ప్రమాదం ఉంది. అమెరికాలో డాక్టర్ రేమండ్ ఆడమ్స్ బృందం 1959లో ఈ జబ్బును లోకానికి చెప్పింది. దానికి దొడ్డిదారి కారణం తొందరపాటు వైద్యమేనని తర్వాత తేలింది. అందుకే సాధారణంగా 24 గంటల్లో 8 నుంచి 10 పాయింట్లకు మించి పెరగకుండా కాపలా కాస్తారు. ‘నాలుగు రోజులైంది, ఇంకా తగ్గలేదేంటి సారూ’ అని డాక్టరు మీదికి వెళ్లేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ నిదానమే ఇక్కడ మందు. ఇంట్లో ఉప్పునీళ్లు కలిపి తాగించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

తలనొప్పి విషయంలో మరో మెలిక ఉంది. ఛాతీ పైభాగం నుంచి మెడ మధ్య దెబ్బతిన్నవారికి తల పగిలిపోయేంత నొప్పి, మొహం ఎర్రబడటం, తల భాగంలో చెమటలు, బీపీ పెరగడం ఒకేసారి కనిపిస్తే అది సోడియం గొడవ కాకపోవచ్చు. మూత్రాశయం నిండిపోయో, గొట్టం మెలిపడో ఒళ్లు ఇచ్చే హెచ్చరిక అది. వెంటనే లేపి కూర్చోబెట్టి, గొట్టం చూసి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

రూపాయల నోటుబుక్కు

ఒకప్పుడు ఈ పరీక్షలన్నింటికీ హైదరాబాద్ దారి పట్టాల్సి వచ్చేది. నడుము విరిగిన మనిషిని అంత దూరం తీసుకెళ్లడమే ఓ నరకం. 2005లో 108 అంబులెన్సులు వచ్చాక దారి కొంత తేలికైంది. ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చింది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. సోడియం పరీక్ష ఇక అందని పండు కాదు. అడగాలన్న సంగతి తెలియడమే మిగిలింది.

ఇంటికొచ్చాక చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనేం కాదు. ఓ నోటుబుక్కు, పెన్ను, కొలతలున్న ప్లాస్టిక్ జగ్గు. రోజుకు ఎన్ని నీళ్లు తాగించాలో డిశ్చార్జి రోజునే డాక్టరును అడిగి మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసుకోవాలి. ఆ లెక్కలో చాయ్, మజ్జిగ, అంబలి, చారు అన్నీ వస్తాయి. తాగినవి ఒకవైపు, మూత్రం సంచిలో వచ్చింది ఇంకోవైపు. గంటకో మనిషి గ్లాసు పట్టకుండా ఆ పని ఒక్కరికే అప్పగించాలి. వాడే మాత్రల చీటీ ఆ బుక్కులోనే అతికించాలి. వికారం, తలనొప్పి, అతినిద్ర, పొంతన లేని మాటలు... వీటిలో ఏది కనిపించినా తేదీ వేసి రాయాలి. అదేరోజు ఆస్పత్రికి వెళ్లి ‘సోడియం చూడండి సార్’ అని నోరు తెరిచి అడగాలి.

ఈ పని చాలా ఇళ్లలో బడికెళ్లే ఆడపిల్ల చేతికొస్తుంది. అమ్మకు అంకెలు రావు. నానమ్మకు కళ్లు కనిపించవు. ఎనిమిదో తరగతి పిల్ల లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో నాన్న తాగిన నీళ్లు రాస్తుంది. నాన్నకిది మొదట్లో కష్టంగానే ఉంటుంది. ఊరందరికీ కల్లు కొలిచి పోసిన చేయి. ఇప్పుడు తన గుక్కెడు నీళ్లకు కూతురు కొలత పెడుతోంది! ‘‘ఇంక గుక్కెడు పొయ్యవే బిడ్డా’’ అంటే, ‘‘ఇయ్యాల్టి లెక్క అయిపోయింది నాన్నా, నోరు తడుస్త’’ అని తడిగుడ్డ పెదాలకు అద్దడం... నీళ్లు పోయడం కన్నా అదే పెద్ద సేవ.

పడకుండా చూసుకోవడం అన్నింటికన్నా మేలు. చెట్టెక్కేవారికోసం ‘కాటమయ్య రక్ష’ కిట్ల పంపిణీని 2024 జులైలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ప్రారంభించారు. కాలు జారినా మనిషిని తాడు ఆపేలా తయారుచేసిన పరికరాలవి. తాతల నాటి మోకును వదలడానికి మనసొప్పకపోవచ్చు. చెట్టెక్కే వేగం తగ్గుతుందని అనిపించొచ్చు. ఇంటికి వచ్చే దారి మాత్రం తగ్గదు. ఒకవేళ ఎవరైనా పడితే చేతులూ కాళ్లూ పట్టి ఎత్తి ఆటోలో కుదేయొద్దు. తల, మెడ, నడుము ఒకే గీతలో ఉండేలా పలక మీద పడుకోబెట్టి 108 కోసం ఆగాలి. మిగిలి ఉన్న నరాలు ఆ ఎత్తడంలోనే తెగిపోతుంటాయి.

‘ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు’ అంటారు మన పెద్దలు. ఈ ఇళ్లలో ఆ సామెతను తిరగేసి చదువుకోవాలి. నీళ్లు తాగినవాడికి ఉప్పు లెక్కా తప్పదు. మనాది అనుకుని వదిలేసిన మనిషి, సోడియం నాలుగు మెట్లు ఎక్కగానే కళ్లు తెరిచి ‘పిల్లలు బడికి పోయిన్రా’ అని అడగొచ్చు. కాళ్లు రాకపోవచ్చు. ఆ మనిషి మాత్రం తిరిగి వస్తాడు!